పెద్దవాళ్ళకు ఒంట్లో బాగోలేదు, పిల్లలకు సెలవులొచ్చాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నకు బైపాస్ ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజునే మా అబ్బాయి బడి నుంచి సెలవుల కాగితం పట్టుకొచ్చాడు. రెండు తేదీలకూ మధ్య 9 రోజులు. వాడికప్పుడు 6 ఏళ్ళు. మధ్యాహ్నాలు వాణ్ణి చూసుకునేది మా అమ్మ. ఆసుపత్రికి వెళ్ళేది నాన్న ఒక్కరే అనుకుంటూ కూర్చున్నాం. ఆయన వెంట అమ్మ కూడా వెళ్ళిపోతుందన్న సంగతి రెండు రోజుల దాకా మాకెవరికీ తట్టలేదు. పైగా సెలవుల ప్రయాణానికి అప్పటికే టికెట్లు తీసి ఉన్నాయి.

ఆ నెల ఎలాగో గట్టెక్కాం. తర్వాత అదే పరిస్థితిలో పడ్డ స్నేహితులు, చుట్టాలు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్ని కాను. మందుల దగ్గర, మోతాదుల దగ్గర ఆఖరి మాట మీ డాక్టరుదే.

అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ముందు దేన్ని పట్టుకోవాలి?

మనుషుల్ని. డబ్బు, టికెట్లు, ఆఫీసు సెలవులు అన్నీ ఆ తర్వాతే. ఒక కాగితం తీసుకుని తేదీలు వరసగా కిందికి రాయండి. ప్రతి తేదీ ఎదురుగా మూడు గళ్ళు గీయండి: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ప్రతి గడిలో రెండు పేర్లు పడాలి. జబ్బు మనిషి దగ్గర ఎవరు, పిల్లల దగ్గర ఎవరు. ఒకే పేరు రెండు చోట్లా పడిందంటే చిక్కు అక్కడుంది.

మేం గీసిన మొదటి కాగితంలో రాత్రి గడి లేనే లేదు. రాత్రి ఎలాగూ అందరూ పడుకుంటారు కదా అనుకున్నాం. ఆసుపత్రిలో కుర్చీ మీద తెల్లవార్లూ కూర్చున్న మా అమ్మ పేరే మర్నాడు పొద్దున పిల్లాడి గడిలో రాశాం. మూడో రోజున ఆవిడ సోఫాలో కూర్చున్నదల్లా కునుకు తీసింది. వాడు స్టూలు జరుపుకుని, ఎక్కి, వీధి తలుపు గడియ తీశాడు. పక్కింటావిడ చూసి లోపలికి తీసుకొచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం కాగితం చింపేసి కొత్తది గీశాం. ఇంట్లో ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టడం మానేసి, ఏ పూట ఎవరు మేలుకుని ఉండగలరో లెక్కపెట్టుకున్నాం. ఈ కింద చెప్పేవన్నీ ఆ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

టికెట్లు ఉన్నాయి. ఇప్పుడే రద్దు చేసేయాలా?

కంగారుగా రద్దు చేయొద్దు, చివరి రోజు దాకా నాన్చొద్దు. టికెట్లకూ గదులకూ డబ్బు వెనక్కి వచ్చే ఆఖరి రోజు ఏదో చూసి, దానికి రెండు రోజుల ముందు తేదీని నిర్ణయానికి పెట్టుకోండి. అప్పటిదాకా ఆ ఊసు ఎత్తకూడదని భార్యాభర్తలిద్దరూ ముందే అనుకోండి. మేం అనుకోలేదు. రోజూ రాత్రి పదింటికి అదే చర్చ, అవే మాటలు. చర్చించడానికి కొత్త సంగతంటూ ఏమీ ఉండేది కాదు. ఉన్న కాస్త నిద్రా దానికే పోయేది.

ప్రయాణ బీమా ఉంటే ఆ పత్రాలు ఒకసారి తీసి చదవండి. జబ్బు సంగతి తెలిసిన తర్వాత కొన్న పాలసీ ఆ జబ్బు కారణంగా ఆగిపోయిన ప్రయాణానికి డబ్బు ఇవ్వకపోవచ్చు. ప్రయాణం చేసేవాళ్ళకు జబ్బు చేస్తేనే ఇస్తారా, ఇంటి దగ్గర ఉండిపోయిన తల్లిదండ్రులకు చేసినా ఇస్తారా అన్నది చూడండి. దగ్గరి బంధువులు అన్న మాట కింద అత్తమామలు వస్తారో రారో కూడా అక్కడే రాసి ఉంటుంది. పాత జబ్బులను దాచి తీసుకున్న పాలసీ అసలు అవసరం పడినప్పుడే మొండిచేయి చూపిస్తుంది.

వెళ్ళడానికీ మానడానికీ మధ్య దారులు చాలానే ఉన్నాయి. రోజులు తగ్గించుకోవచ్చు. సగం రోజులో వెనక్కి రాగలిగిన చోటికి మార్చుకోవచ్చు. ఒకరు ఉండిపోయి ఒకరు పిల్లలతో వెళ్ళొచ్చు. ఈ మూడింటినీ చూడకుండానే రద్దు మీద వేలు నొక్కేసేవాళ్ళే ఎక్కువ. మా ఆయన కూడా నొక్కబోయారు.

పిల్లలకు మాత్రం "చూద్దాంలే" అనకండి. ఆ మాటకు వాళ్ళ నిఘంటువులో లేదనే అర్థం. "ఆదివారం పొద్దున చెప్తాం" అనండి. ఆదివారం పొద్దున చెప్పండి.

ప్రయాణం పెట్టుకోవచ్చా అని డాక్టర్ని అడిగితే "అప్పటి పరిస్థితిని బట్టి" అంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న మార్చండి. మీ ప్రయాణం ఆయనకు తెలియదు, రోగి గురించి మాత్రమే తెలుసు. కాబట్టి రోగి గురించే అడగండి. ఫలానా తేదీ నాటికి ఈయన ఒక్కరే స్నానాల గదికి వెళ్ళి రాగలరా? రాత్రిపూట గదిలో మనిషి ఉండాలా, పిలిస్తే పలికేంత దూరంలో ఉంటే చాలా? ఏం కనిపిస్తే మీకు ఫోన్ చేయాలి, ఏం కనిపిస్తే ఫోన్ కూడా చేయకుండా నేరుగా తీసుకురావాలి?

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబులొస్తాయి. వాటినిబట్టి మీ కాగితంలో గళ్ళు మీరే నింపుకోవచ్చు.

ఇంకోటి కూడా అడగండి: మా అవసరం ఎక్కువగా ఎప్పుడుంటుంది? ఆపరేషన్ రోజున అందరం వరండాలో ఉండాల్సిందే అని మాకు మహా పట్టుదల. తీరా ఆ రోజు మేం చేసిందల్లా ఎదురుచూడటమే. బైపాస్ లాంటి ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఉండేది సాధారణంగా ఒక వారం. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి మాత్రం 6 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో 4, 5 కిలోలకు మించి బరువు ఎత్తొద్దంటారు, కారు నడపొద్దంటారు. అంటే చేతులు కావాల్సింది డిశ్చార్జ్ తర్వాత. దాచుకున్న సెలవులన్నీ ఐసీయూ బయట బల్ల మీద ఖర్చుపెట్టేసి, నాన్న ఇంటికొచ్చిన రోజున ఇద్దరం ఆఫీసుకెళ్ళాం. మళ్ళీ ఆ పని చేయను.

ఇంటికొచ్చిన తాతయ్య ఒళ్ళోకి పిల్లాడు ఎక్కేస్తుంటే?

ఆపండి. కానీ ఆపినందుకు ఇంకో పని చూపించండి. 6 ఏళ్ళ పిల్లాడి బరువు 20 కిలోల దాకా ఉంటుంది. ఛాతీ కోసి కుట్టిన మనిషికి అది మోయరాని బరువు. పక్కన కూర్చోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు. దగ్గు వచ్చినప్పుడు ఛాతీకి దిండు గట్టిగా హత్తుకుని దగ్గమని మా నాన్నకు నర్సులు నేర్పారు. మావాడు రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. మూడో రోజు తన గుడ్డ ఎలుగుబంటిని తెచ్చి, "దిండు పెద్దగా ఉంది, దీన్ని పట్టుకో తాతయ్యా" అని ఇచ్చాడు. తర్వాత నెల రోజులూ దగ్గు రాబోతుందనగానే దాన్ని అందించడం వాడి ఉద్యోగం. ఒళ్ళోకెక్కే గొడవ దానంతటదే పోయింది.

జబ్బు సంగతి పిల్లలకు చెప్పాలా? చిన్నవాళ్ళు కదా, భయపడరా?

మనం చెప్పకపోతే వాళ్ళే ఒక కథ అల్లుకుంటారు. అది ఉన్న నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. మూడు నుంచి ఆరేడేళ్ళ లోపు పిల్లలకు జరిగే ప్రతిదానికీ తామే కారణమనిపించడం మామూలే. "నేను అల్లరి చేశాను కాబట్టే అమ్మమ్మ పడిపోయింది" అని మనసులో పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా తిరుగుతుంటారు. అడగకపోయినా చెప్పండి: ఇది నీవల్ల రాలేదు, నీకు అంటుకోదు, నిన్ను చూసుకోవడానికి ఫలానావాళ్ళు ఉంటారు. అంటువ్యాధి అయితే రెండోది చెప్పకండి, అబద్ధమవుతుంది.

జబ్బుకు ఉన్న పేరే వాడండి. "తాతయ్యకు బాగోలేదు" అంటే, రేపు వాడికి జలుబు చేసినప్పుడు "నాకూ బాగోలేదు, నన్నూ కోస్తారా" అని బెంగ పెట్టుకుంటాడు. "తాతయ్య గుండెకు రక్తం తీసుకెళ్ళే గొట్టాలు మూసుకుపోయాయి, డాక్టర్లు పక్కనుంచి కొత్త దారి వేస్తారు" అంటే మావాడికి చక్కగా ఎక్కింది. వాడి బొమ్మ రైలు పట్టాల మీద పక్కదారి వేసి నాకే చూపించాడు. మత్తుమందు గురించి చెప్పేటప్పుడు "నిద్రపుచ్చుతారు" అని వదిలేయొద్దు. మనం రాత్రి పడుకునే నిద్ర వేరు, డాక్టరు మందిచ్చి తానే మళ్ళీ లేపే నిద్ర వేరు అని విడదీసి చెప్పండి. లేకపోతే ఆ రాత్రి వాడు కన్ను మూయడు.

చనిపోతారా అని అడిగితే? "చావరు" అని మాటివ్వకండి. "బాగుచేయడానికి డాక్టర్లు పనిచేస్తున్నారు. ఏదైనా మారితే నీకు నేనే చెప్తాను, ఇంకెవరో చెప్పేదాకా ఉంచను" అనండి. ఈ రెండో వాక్యమే వాళ్ళకు కావాల్సింది. పదేళ్ళు దాటినవాళ్ళు ఎలాగూ మన ఫోన్ సంభాషణలు వింటూనే ఉంటారు కాబట్టి, వినేముందే చెప్పేయడం నయం.

ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చా?

ముందు వార్డులో అడగండి. కొన్ని చోట్ల ఒక వయసు లోపు పిల్లల్ని రానివ్వరు. రానిస్తే, వెళ్ళేముందు గది ఫోటో ఒకటి తీసి చూపించి, ఆ గొట్టాలేంటో, ఆ చప్పుడేంటో చెప్పండి. పది నిమిషాలు చాలు. వెంట ఇంకో పెద్దమనిషి ఉండాలి. పిల్లాడు "పోదాం" అన్న క్షణాన బయటికి తీసుకెళ్ళడమే ఆ మనిషి పని. రానంటే బలవంతం చేయకండి, బొమ్మ గీసి పంపించినా వచ్చినట్టే. జలుబు, దగ్గు, విరేచనాలు, ఒంటిమీద పొక్కులు ఏవి ఉన్నా ఆ రోజుకు మానుకోండి.

కీమోథెరపీ తీసుకుంటున్న వాళ్ళింటికి పిల్లలతో సెలవులకు వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, తేదీలు చూసుకుని. చాలా కీమో మందుల తర్వాత తెల్లరక్తకణాలు బాగా పడిపోయేది సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య. తర్వాతి డోసు నాటికి మళ్ళీ కోలుకుంటాయి. మందును బట్టి ఇది మారుతుంది కాబట్టి "మీ అమ్మగారికి ఏ రోజులు బలహీనం, ఏ రోజులు నయం" అని అక్కడి నర్సును అడిగితే క్యాలెండర్ చూసి చెప్పేస్తారు. మీ ప్రయాణం ఆ నయమైన రోజుల్లో పడేలా జరుపుకోండి.

పిల్లలతో అసలు తంటా ఏమిటంటే, జబ్బు బయటపడకముందే అది పంచేస్తుంటారు. ఆటలమ్మ సంగతే తీసుకోండి. ఎవరి దగ్గరైనా తగిలాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ ఎండి పక్కులు కట్టేదాకా అంటిస్తూనే ఉంటారు. అందుకని పిల్లాడి తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే, మీవాడు బాగానే ఉన్నా, ఆ సంగతి వాళ్ళ డాక్టరుకు చెప్పకుండా బయల్దేరకండి. టీకా వేయించారా లేదా అన్నది కూడా చెప్పండి. ఫ్లూ టీకా వేయించి వెళ్దామనుకుంటే, అది పనిచేయడం మొదలవడానికి 2 వారాలు పడుతుంది. బయల్దేరే ముందు రోజు వేయిస్తే ఉపయోగం లేదు.

ఇది రెండో వైపు నుంచి కూడా ఉంది, చాలామందికి తెలియదు. పెద్దవాళ్ళకు ఒంటికి ఒక పక్కన పొక్కులతో వచ్చే సర్పి (షింగిల్స్) ఆటలమ్మ వైరస్సే. అప్పటిదాకా ఆటలమ్మ రాని, టీకా వేయించని పిల్లలకు ఆ పొక్కుల నుంచి ఆటలమ్మ రావొచ్చు. పొక్కులు ఎండేదాకా వాటిని బట్టతో కప్పి ఉంచాలి, చంటిపిల్లల్ని ఎత్తుకోవడం మానాలి.

కీమోలో ఉన్నవాళ్ళకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం తగిలితే తెల్లవారేదాకా ఆగే పని కాదు. మీరు చుట్టపుచూపుగా వెళ్ళినా ఆ అంకె మీకు కూడా తెలిసి ఉండాలి. ఆ పూట ఇంట్లో మేలుకుని ఉన్నది మీరే కావొచ్చు.

పిల్లల్ని చూసుకునే మనిషే మంచాన పడ్డారు. ఇప్పుడెలా?

అందరికన్నా ఎక్కువ ఇబ్బంది వీళ్ళదే. అమ్మో అత్తయ్యో ఇన్నాళ్ళూ పిల్లల్ని చూసుకుంటుంటే దాన్నొక పనిగా మనం లెక్కేసి ఉండం. ఆవిడ పడిపోయిన రోజున ఒక రోగి పెరిగి, ఒక మనిషి తగ్గుతారు.

"ఏమైనా కావాలంటే మొహమాటపడకు, చెప్పు" అన్నవాళ్ళు మీకు కనీసం పదిమంది ఉంటారు. వాళ్ళు ఆ మాట మనసారానే అంటారు, ఏం చేయాలో తెలియక అంతటితో ఆగిపోతారు. వాళ్ళకు గడి ఇవ్వండి. "బుధవారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా మావాణ్ణి మీ ఇంట్లో ఉంచుకుంటారా?" మొదలూ చివరా తెలిస్తే ఒప్పుకోవడం తేలిక. కాదనడమూ తేలికే, దానికి నొచ్చుకోకండి. వాడి తోటి పిల్లల తల్లిదండ్రులే అందరికన్నా పనికొస్తారు, ఎందుకంటే సెలవుల్లో పిల్లల్ని ఏం చేయాలన్న తలనొప్పి వాళ్ళకూ ఉంది. మేం నలుగురం కలిసి వంతులు వేసుకున్నాం. ఒక్కొక్కరికి వారంలో ఒక రోజు సెలవు పెడితే నాలుగు రోజులు గడిచిపోయాయి. ఐదో రోజు వేసవి శిబిరం.

ఆఫీసులో ఇద్దరూ ఒకే రోజు సెలవు పెట్టడం మహా దుబారా. పూటల లెక్కన పంచుకోండి.

పిల్లాడి వెంట ఒక చీటీ పంపండి: ఏది పడదు, ఏ మందు వేసుకుంటున్నాడు, మీ ఇద్దరి నంబర్లు, మీరిద్దరూ ఎత్తకపోతే మూడో నంబరు. ఆసుపత్రిలో ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది కాబట్టి ఆ మూడో నంబరు ముఖ్యం.

పెద్ద పిల్లకు చిన్నవాణ్ణి అప్పజెప్పడం గురించి కూడా అడుగుతుంటారు. గంట సేపు, మీరు పక్క వీధిలో ఉంటే సరే. రోజంతా అయితే ఆ పిల్ల సెలవులు మీరు లాక్కున్నట్టే. ఎన్నేళ్ళ పిల్లల్ని ఒంటరిగా వదలొచ్చన్న దాని మీద చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి, అవి చూసుకోండి.

సెలవులకు పెద్దవాళ్ళింట్లో పిల్లల్ని వదులుతున్నాం. ఆ ఇంట్లో ఏం చూసుకోవాలి?

మాత్రలు. మెట్లు, స్విచ్చులు, నీళ్ళ తొట్లు అందరూ చూస్తారు. మాత్రలు ఎవరూ చూడరు. ముసలివాళ్ళ మాత్రలు చేతికందే చోటనే ఉంటాయి, లేకపోతే వాళ్ళు వేసుకోవడం మర్చిపోతారు. వారానికి ఏడు గళ్ళున్న మందుల డబ్బా ఉంటుంది చూశారా, దాన్ని వణికే చేతులకు తెరుచుకునేలా తయారుచేస్తారు. రెండేళ్ళ చేతులకూ తెరుచుకుంటుంది. చక్కెర జబ్బుకు వాడే కొన్ని మాత్రలు, బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒకటి రెండు మింగినా పసివాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. ఐరన్ మాత్రలు కూడా తక్కువవేం కావు. మింగాడన్న అనుమానం వస్తే కక్కించడానికి ప్రయత్నించకండి. మాత్రల అట్ట చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా" అని ఆగకండి, కొన్ని మందులు గంటలు గడిచాకే పనితనం చూపిస్తాయి. అమ్మమ్మ చేతిసంచీ, తాతయ్య దిండు కింద, మంచం పక్క సొరుగు కూడా వెతకండి.

రెండోది బటన్ బ్యాటరీ. వినికిడి మిషన్లో ఉంటుంది, రిమోట్‌లో ఉంటుంది, చక్కెర చూసుకునే మీటర్లో ఉంటుంది. మింగినది అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. నాణెమంత ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ళ అన్నిటికన్నా ప్రమాదం. ఏడాది దాటిన పిల్లలైతే, మింగి 12 గంటలు దాటకపోతే, ఆసుపత్రికి వెళ్తూ దారిలో 10 నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం ఆగిపోవద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె వద్దు.

రేపు ప్రయాణం. పిల్లాడికి ఇవాళ జ్వరం. వెళ్ళాలా?

పిల్లాడిని చూడండి, థర్మామీటరు తర్వాత. జ్వరం దిగినప్పుడు ఆడుకుంటున్నాడా, తాగుతున్నాడా, మూత్రం మామూలుగా పోస్తున్నాడా? పోస్తుంటే రాత్రి దాకా ఆగి చూడొచ్చు. 3 నెలల లోపు పసికందుకు 38 డిగ్రీలు దాటితే మాత్రం ఈ చూడటాలేం లేవు, వెంటనే డాక్టరు దగ్గరికే.

పారాసెటమాల్ లెక్క వయసును బట్టి కన్నా బరువును బట్టి వేస్తేనే సరి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, రోజుకు 4 డోసులకు మించకుండా. సిరప్ సీసాలు ఒకే శక్తిలో ఉండవు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్నది ఉంటుంది, 250 ఉన్నది ఉంటుంది. అట్ట మారితే చెంచా లెక్క మారుతుంది. జలుబు సిరప్‌లలో కూడా పారాసెటమాల్ కలిసి ఉండొచ్చు. చూసుకునే చేతులు పూటకో జత మారుతున్నప్పుడు అసలు ప్రమాదం ఇదీ: పొద్దున ఉన్నావిడ వేసి వెళ్తుంది, మధ్యాహ్నం వచ్చినాయన మళ్ళీ వేస్తాడు. మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం, దారానికి కట్టిన పెన్సిల్. మందు వేసినవాళ్ళు టైము రాసి సంతకం పెట్టాలి. పిల్లలకు ఆస్పిరిన్ డాక్టరు చెప్తే తప్ప వద్దు.

వాంతులు, విరేచనాలైతే అవి తగ్గాక ఇంకో 48 గంటలు ఇంట్లోనే ఉంచండి, ముఖ్యంగా మీరు వెళ్ళేది జబ్బు మనిషి ఉన్న ఇంటికైతే. వాంతులు తెప్పించే నోరోవైరస్‌కు చేతులకు రాసుకునే శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు, పారే నీళ్ళే మందు.

జబ్బు మనిషిని కూడా వెంట తీసుకెళ్తున్నాం.

మందులన్నీ చేతి సంచీలో పెట్టుకోండి, రెండు మూడు రోజులవి ఎక్కువే ఉండాలి. చీటీ మీద బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, వేరే చోట ఆ బ్రాండ్ దొరకకపోవచ్చు. విమానంలో ఇన్సులిన్‌ను కింద సామాన్లలో వేయకూడదు, గడ్డకట్టుకుపోయే అవకాశం ఉంది. ఒకసారి గడ్డకట్టింది కరిగినా పారేయాల్సిందే. 4 గంటలు దాటిన ఏ ప్రయాణంలోనైనా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళకు మరీనూ. మధ్యమధ్య లేపి నడిపించండి. పిల్లాణ్ణీ ఎలాగూ నడిపించాలి, ఇద్దర్నీ కలిపి పంపండి.

ఒకరు ఆసుపత్రి దగ్గర, ఒకరు పిల్లలతో ఊళ్ళో. ఇలా విడిపోవడం బాగుంటుందా?

మేం చేసింది అదే. మా ఆయన వాణ్ణి తీసుకుని నాలుగు రోజులు వెళ్ళొచ్చారు, నేను ఉండిపోయాను. బాగుంది. ఫోన్ విషయంలో మాత్రం మొదటి రోజు తప్పు చేశాం. పిల్లాడు నిద్రకు తూలుతూ ఉన్నప్పుడు, నాన్న నొప్పి మాత్ర కోసం ఎదురుచూస్తున్నప్పుడు వీడియో కాల్. ఇద్దరూ ఏడుపు మొహాలే. తర్వాత నాన్నకు కాస్త తేలిగ్గా ఉండే పొద్దున పదింటికి మార్చాం. ఐదు నిమిషాలు, అంతే.

కబురు చెడ్డదైతే పిల్లాడికి ఎవరు చెప్పాలి, అక్కడే చెప్పాలా వచ్చాక చెప్పాలా అన్నది బయల్దేరే ముందే మీరిద్దరూ మాట్లాడుకోండి. ఆ మాట ఎత్తడానికి నోరు రాదు, నిజమే. నాకూ రాలేదు, కాగితం మీద రాసి ఇచ్చాను.

ఆయన అలా పడుకుని ఉంటే మేం సరదాగా తిరగడం తప్పు కదా?

ఆయన్ని అడిగారా? మా నాన్న అయితే "ఫోటోలు పంపండి, ఈ కప్పు చూసీ చూసీ విసుగొస్తోంది" అన్నారు.

నాకు నిద్రే లేదు. అయినా ఎలాగో నెట్టుకొస్తున్నాను.

ఎలాగో నెట్టుకురండి కానీ బండి నడపకండి. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరీక్షల్లో తేలింది. తాగి ఉంటే వెనక సీట్లో పిల్లాణ్ణి ఎక్కించుకునేవారా? రాత్రి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు పొద్దున ఇంటికి తాము నడుపుకుంటూ రాకూడదు. ఇది కూడా కాగితంలో ఒక గడే. మీ సొంత బీపీ మాత్రలు, మీరు వాయిదా వేసుకున్న పరీక్షలు కూడా అందులో రాయండి.

సెలవులన్నీ ఇంట్లోనే గడిచిపోయాయి. పిల్లాడు మారిపోయినట్టున్నాడు.

ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, కొంగు వదలకపోవడం, చిన్నదానికి పెద్దగా ఏడవడం, ఇవన్నీ మామూలే. ఎక్కువ భాగం వాటంతటవే సర్దుకుంటాయి. ముందు నిద్ర సరిచేయండి. 3 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకు 9 నుంచి 12 గంటలు కావాలి. ఇల్లంతా తలకిందులైనా పడుకునే వేళ, పడుకోబెట్టే తీరు మాత్రం మార్చకండి. తినడం, ఆడుకోవడం మానేసి రెండు వారాలు దాటినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి అన్నా డాక్టరుతో మాట్లాడండి.

పోయిన ప్రయాణానికి బదులుగా పెద్ద మాటలేవీ ఇవ్వకండి. వచ్చే సెలవుల్లో మళ్ళీ ఏముందో మనకేం తెలుసు? నిలబెట్టుకోగలిగింది చెప్పండి. "శనివారం సాయంత్రం మనిద్దరమే, గంట సేపు, నువ్వేమంటే అది." మావాడు మేడ మీద పడుకుని మబ్బులకు పేర్లు పెట్టాలన్నాడు. ఫోన్ కిందే వదిలేసి వెళ్ళాను. పైకెక్కి పది నిమిషాలు కాకముందే నిద్రపోయింది నేనే. వాడు కదలకుండా కూర్చుని, ఎవరో పిలిస్తే "ష్, అమ్మ పడుకుంది" అన్నాడట.

బడికి చెప్పాలా?

చెప్పండి. జబ్బు వివరాలు అక్కర్లేదు. ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అయిందని, పిల్లాడు కొన్నాళ్ళు పరధ్యానంగా ఉండొచ్చని రెండు ముక్కలు చాలు. దానికన్నా ముఖ్యమైనది, సాయంత్రం గేటు దగ్గరికి ఏ రోజు ఎవరు వస్తారో పేర్లతో సహా రాసి ఇవ్వండి. ఆ చీటీ నకలు ఒకటి పిల్లాడి సంచీలో కూడా పెట్టండి. మధ్యాహ్నానికల్లా వాడు ఒకసారి తీసి చూసుకుంటాడు.